దొరగారి ఎడమ సీటు

మార్చి 3, ఉదయం ఆరున్నర

తీర్మానం: ఈ నెల పదిహేడులోగా కారు అమ్మేయాలి. కింద రెండు గీతలు గీశాను.

మొన్న అత్తగారు మెట్ల మీద జారి మోకాలిచిప్ప పగలగొట్టుకున్నారు. నిన్న ఆపరేషన్ అయింది. కాలు ఆరు వారాలు కర్రలా చాపే ఉంచాలి, మడవకూడదు. పదిహేడున కుట్లు విప్పి ఇంటికి పంపిస్తారు. మెట్లు ఎక్కే ప్రశ్నే లేదు. మా కాపురం మొత్తం మేడ మీదే. కింద ఉన్నది షెడ్డు ఒక్కటే. దానికి కిటికీ ఉంది, కుళాయి ఉంది, ఆనుకుని బాత్రూము ఉంది. మనిషి ఉండదగ్గ గది. కాని పదకొండేళ్ళుగా అందులో ఉంటున్నది దొర.

దొర అంటే మా ఆయన కొన్న కారు. ఇంగ్లండులో పుట్టిన పాతకాలపు స్పోర్ట్స్ కారు. ఆకుపచ్చ రంగు, గుడ్డ కప్పు, రెండే సీట్లు. మూతి బారెడు, కూర్చునే చోటు జానెడు. ఇంటికి పైసా పని చేసిన పాపాన పోలేదు.

షెడ్డు ఖాళీ కాకపోతే అత్తగారు బావగారింటికి వెళ్ళాలి. అక్కడ మా తోటికోడలు మంచినీళ్ళు కూడా కొలిచి పోస్తుంది. నిన్న ఆస్పత్రిలో అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "నన్ను దానింటికి పంపావంటే రెండో కాలు కూడా విరగ్గొట్టుకుంటాను, చూడు" అన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు. ఇదివరకు పట్టుకున్నవి తప్పులే.

దొరని వీధిలో పెడదామన్నారు ఈయన. వీల్లేదన్నాను. మొదటి వాన పడగానే దొర లోపలికి వస్తాడు, అత్తగారి మంచం బయటికి వస్తుంది. ఈయన సంగతి నాకు తెలియదా?

నియమాలు. ఒకటి, మొదట ఎవరు అడిగితే వాళ్ళకే ఇవ్వాలి. రెండు, దొర మీద గాని, ఈయన మీద గాని జాలి పడకూడదు. మూడు, ఈయన చెప్పే చరిత్ర ఎవరి చెవినా పడకూడదు.

ఇనప సామాను అమ్మడానికి పెద్ద విద్య ఏం కావాలి? వారం చాలు!

మార్చి 4

ప్రకటన రాశాం. అంటే ఇద్దరం చెరొకటి రాశాం.

ఈయనది: "మహా రేసు వీరుడొకరు స్వయంగా దగ్గరుండి మార్పులు చేయించుకున్న అపురూప వాహనం."

"ఏ వీరుడండీ? పేరు?"

"పేరు మరుగున పడింది."

"ఏ రేసు?"

"అదీ మరుగున పడింది."

మరి మరుగున పడనిదేమిటంటే, రుజువులట. చూపించారు. చిన్న స్టీరింగు, అది రేసు కోసం. ముందుకి జరిపి, ఎత్తు పెంచి వెల్డింగు చేసిన సీటు, అదీ రేసు కోసం. పెడళ్ళ మీద బిగించిన ఇనప దిమ్మలు, వేగంగా తొక్కడానికి. వెనకున్న ఇనప కొక్కేలు, బెల్టులకి. ముందరి చెక్క పలక మీద వరసగా గాట్లు. "గెలిచిన ప్రతి రేసుకీ ఒక గాటు పెట్టేవాడు" అన్నారు, కళ్ళు చెమ్మగిల్లుతుంటే. ఎడమ సీటు మాత్రం ఊగిసలాడుతూ నైలాను తాడుతో కట్టేసి ఉంది. దానికి చరిత్ర లేదు. "అది రిపేరు" అన్నారు.

నాది: "పాత కారు. నడుస్తుంది. షెడ్డు కావాలి కాబట్టి అమ్ముతున్నాం."

నాదే వేశాను.

మార్చి 6, సాయంత్రం

మొదటి బేరం! బట్టల కొట్టాయన. మనిషి నిండుగా ఉన్నాడు. చూడగానే మనసులో షెడ్డుకి సున్నం కూడా వేయించేశాను.

తలుపు తీసి కూర్చున్నాడు. కూర్చున్నాడు అనకూడదు, దిగబడ్డాడు. స్టీరింగు పొట్టలోకి పోయింది. సీటు వెనక్కి జరపమన్నాడు. జరగదు కదా.

"రేసు వీరుడి సీటండీ" అన్నారు ఈయన గర్వంగా.

"ఆ వీరుడికి పొట్ట లేదా?"

"వీరులకి ఉండదండీ."

ఆ మాటతో బేరం సగం పోయింది. మిగతా సగం ఆయన్ని బయటికి లాగేటప్పుడు పోయింది. చెరో చంకా పట్టుకుని లాగాం. ఆయన వెళ్ళాక గేరు దగ్గర చొక్కా గుండీ ఒకటి దొరికింది. గుండీల డబ్బాలో వేశాను.

మూడో నియమం తప్పింది ఈయన, నేను కాదు. నా తీర్మానం చెక్కుచెదరలేదు.

మార్చి 8

ఫొటో స్టూడియో అతను వచ్చాడు. నడపడట. స్టూడియో గుమ్మం ముందు బిగించేస్తాడట, జంటలు ఆనుకుని ఫొటో దిగడానికి. మంచి బేరం! నేను సరే అనేలోపు ఈయన అడ్డం పడ్డారు.

"రేసు గుర్రాన్ని తెచ్చి గుమ్మానికి తోరణం కడతావా?"

అతను నా వైపు చూసి, "అమ్మగారూ, అమ్మేది మీరా, ఆయనా?" అన్నాడు. చెప్పేలోపే వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "సరే, అంత గుర్రమైతే ఒక్కసారి ఎక్కి నడిపి చూపించండి" అన్నాను. ఈయన బయట నిలబడే చెయ్యి లోపలికి పెట్టి ఇంజను స్టార్టు చేశారు. "చూశావా, గొంతు!"

"ఎక్కండి."

"పెట్రోలు దండగ."

"ఎక్కండి."

ఎక్కారు. ఆరడుగుల మనిషి. మోకాళ్ళు చెవులకి తగిలాయి. స్టీరింగు తిప్పాలంటే ముందు మోకాలు తిప్పాలి. అగ్గిపెట్టెలో ఇరుక్కున్న మిడతలా ఉన్నారు. అప్పుడు తోచింది నాకు.

"ఏవండీ, మీరు దీన్ని ఎప్పుడైనా నడిపారా?"

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మెడకి గుడ్డ చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, "అలా ఓ చుట్టు తిప్పుకొస్తాను" అని వెళ్ళే మనిషి నేల చూపులు చూశారు. మెల్లగా బయటపడింది. ఇంజను స్టార్టు చేసి న్యూట్రల్లో పెడతారట. మా వీధి పల్లం. పక్కనే నడుస్తూ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, గొడ్డుని తోలుకెళ్ళినట్టు మలుపు దాకా తోలుకెళ్తారట. అక్కడ ఇంజను ఆపి, బానెట్ మీద కూర్చుని పేపరు చదువుతారట.

"మరి ఎత్తు ఎక్కి తిరిగి రావడం?"

"సైకిల్ షాపు వాళ్ళు తోస్తారు. టీ ఇప్పిస్తాను."

"సీటు వెనక్కి మార్పించుకోవచ్చుగా?"

"వీరుడి సీటు మారిస్తే విలువ పోదూ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకైనా మంచిదని వెళ్ళి గిన్నెలు తోమాను.

మార్చి 9

ఎవరైనా చరిత్ర అడిగితే ఈయన నోరు తెరవకముందే నా దగ్గర నిజం సిద్ధంగా ఉండాలి. కొన్న రసీదు తీశాను. ముందరి ఓనరు నంబరు ఉంది. ఈయన అప్పట్లో బ్రోకరు ద్వారా కొన్నారు, ఆ నంబరుకి ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. చేస్తే వీరుడు దొరక్కపోతాడేమోనని భయం కాబోలు.

"హలో, మీ పాత కారు గురించండీ."

"ఏ కారు? గొర్రెల కారా? ఇంకా బతికే ఉందా!"

ఆవిడ పశువుల డాక్టరమ్మ. రిటైరై చాలా కాలమైంది. గొంతు ఇంకా రిటైరు కాలేదు.

వాళ్ళ మేనమామ ఇంగ్లండులో చదువుకుని వస్తూ ఓడలో తెచ్చుకున్నాడట. రెండేళ్ళు షోకు చేసి, మోజు తీరి, ఉద్యోగంలో చేరిన మేనకోడలి మొహాన కొట్టాడట. "నేను ఎక్కితే కాళ్ళు అందవు, రోడ్డు కనిపించదు. ఆస్పత్రిలో మగవాళ్ళంతా ఒకటే ఇకఇకలు. తిక్క రేగింది. వెల్డింగు షాపులో కూర్చుని సీటు ముందుకి జరిపించాను, ఎత్తించాను, పెడళ్ళకి దిమ్మలు పెట్టించాను."

"ఇంజను మాత్రం ఇంగ్లీషుదేగా?" ఈయన మొహం గుర్తొచ్చి అడిగాను.

"అది మూడో ఏడే చచ్చింది. ఇప్పుడున్నది పాల వ్యానుది."

"చెక్క పలక మీద గాట్లు?"

"మేకలు కొరికాయి."

"కొక్కేలు?"

"అవీ మేకలకే, కట్టెయ్యడానికి."

"ఆ ఎడమ సీటు ఊడిపోతోందండీ."

"ఊడిపోవడమేమిటి! తిరుగుతుందమ్మా అది. కింద ఇరుసు వేయించాను. తలుపు తీసి, సీటు బయటికి తిప్పి, గొర్రెని దాని మీదికి ఎక్కించి లోపలికి తిప్పేస్తే సరి. వీపు వెనక్కి వాలుతుంది. కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. ఒక్కదాన్నే తిరిగేదాన్ని కదా, సాయానికి ఎవరొస్తారు?" ఆ వెంటనే, "నీ ఎత్తెంత?" అంది.

చెప్పాను. ఈ ఇంట్లో అది ఎత్తు కాదు, జోకు.

"నాదీ అంతే. ఎక్కి చూశావా?"

"లేదండీ."

"పదకొండేళ్ళు ఇంట్లో పెట్టుకుని ఏం చేశావు మరి?"

"దుమ్ము దులిపాను."

ఆవిడ ఫోను పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర ఈయనకి వరసగా వడ్డించాను. వీరుడు లేడు. ఇంజను పాల వ్యానుది. గాట్లు మేకలవి. ఈయన కంచంలోకి చూస్తూ, "మేకలు కూడా వేగంగానే పరిగెడతాయి" అన్నారు.

మార్చి 10

అమ్మేముందు వస్తువు పనిచేస్తుందో లేదో చూసుకోవడం అమ్మేవాళ్ళ ధర్మం. అందుకని ఎక్కాను. అందుకే.

కాళ్ళు అందాయి.

ఇది రాసి పెట్టుకోవాలి. బస్సులో నా కాళ్ళు వేలాడతాయి. సినిమా హాల్లో వేలాడతాయి. మా సొంత సోఫాలో, బ్యాంకు కుర్చీలో, చివరికి పెళ్ళిలో కూర్చోబెట్టిన సింహాసనం మీద కూడా వేలాడాయి. లోకంలో కుర్చీలన్నీ పొడుగువాళ్ళే చేసుకున్నట్టున్నారు. దొరలో మాత్రం నా రెండు పాదాలూ పెడళ్ళ మీద నిండుగా ఆనాయి. అద్దంలోంచి రోడ్డు కనిపించింది.

నాకు లైసెన్సు ఉంది. పెళ్ళికి ముందు డ్రైవింగు స్కూల్లో రెండు దిండ్లు వేసుకుని నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ బండీ నడపలేదు. కాని గడువు తప్పకుండా రెన్యూ చేయిస్తూనే ఉన్నాను. ఎందుకంటే గడువు గడువే.

మలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఎవరూ తోయలేదు. సైకిల్ షాపు వాళ్ళు లేచి నిలబడ్డారు, టీ మాట ఎత్తలేదు.

రేపటి నుంచి మళ్ళీ అమ్మకం.

మార్చి 11

బ్యాటరీ దిగిపోతే కొనేవాళ్ళ ముందు పరువు పోతుంది. అందుకని మార్కెట్టుకి వేసుకెళ్ళాను. ఎడమ సీటు మీద కూరగాయల సంచులు పెట్టి తిప్పాను. నిజంగానే తిరుగుతుంది!

మార్చి 12

ఆస్పత్రికి వేసుకెళ్ళాను. బ్యాటరీ కోసమే.

"చెంపలేమిటే అంత ఎర్రగా ఉన్నాయి?" అత్తగారు.

"ఎండండీ."

"కారు అమ్మావా?"

"అదే పని మీద తిరుగుతున్నాను."

అబద్ధమేం కాదు.

మార్చి 13

బేరం లేదు. ప్రకటన మళ్ళీ వెయ్యాలి. కప్పు తీసేసి వెళ్తే గాలికి తలపిన్నులన్నీ ఊడిపోతున్నాయి, క్లిప్పులు కొన్నాను. ప్రకటన సంగతి రేపు.

మార్చి 14, మధ్యాహ్నం

పాత కార్లు పోగేసే పెద్దమనిషి వచ్చాడు. చేతికి తెల్ల తొడుగులు, జేబులో భూతద్దం. తాకట్టుకొచ్చిన నగని షావుకారు చూసినట్టు చూశాడు దొరని. చూసినంతసేపూ నాలుకతో చప్పుడు.

"ఎవడో మూర్ఖుడు నాశనం చేశాడండీ దీన్ని."

"మూర్ఖుడు కాదు" అన్నాను. "పశువుల డాక్టరమ్మ, గొర్రెల్ని తిప్పడానికి."

"ఆడమనిషా! అదీ సంగతి." నవ్వాడు. "ఈ సీటూ, ఈ దిమ్మలూ, ఈ గొర్రెల ఊయలా కోసి పారేసి, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేయిస్తాను. నడపనక్కర్లేదు. గాజు గదిలో పెడతాను."

అడిగిన ధర ఇస్తానన్నాడు. పదహారు సాయంత్రం లారీ తెస్తానన్నాడు. మొదటి నియమం ప్రకారం మాట్లాడకుండా చెయ్యి చాపాలి. చాపాను కూడా. అడ్వాన్సు ఇవ్వబోతూ, "కాగితాలన్నీ ఉన్నాయిగా?" అన్నాడు.

"ఒకటి కనిపించడం లేదండీ" అన్నాను.

ఈయన తలుపు పట్టుకుని నిలబడిపోయారు. ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళ కిందటి కరెంటు బిల్లు అడిగినా టీ కాగేలోపు తీసిస్తాను. అది ఈయనకి తెలుసు.

"దొరికితే ఫోన్ చెయ్యండి" అని తొడుగులు విప్పుకుంటూ వెళ్ళాడు.

"కనిపించకపోవడమేమిటి?" అన్నారు ఈయన.

"అల్మరాలో రెండో అరలో, నీలం ఫైల్లో, పైనుంచి మూడోది" అన్నాను. ఇంకేమీ అడగలేదు. మొదటిసారి ఈ మనిషిని మెచ్చుకున్నాను.

మార్చి 15

పొద్దుటి నుంచి మనసు మనసులో లేదు. ఎల్లుండి అత్తగారు వస్తారు. షెడ్డులో దొర. నేను చేసిన నిర్వాకం ఇది. ముసలావిడ అడిగిన మాట కంటే నా కాళ్ళు నేలకి ఆనడం ఎక్కువైపోయిందా?

తోటికోడలు ఫోన్ చేసింది. "గది సర్దించాను, పంపిస్తావుగా? రోజుకి ఎన్ని సార్లు టీ తాగుతారు ఆవిడ?"

"మీకెందుకక్కయ్యా శ్రమ. ఇక్కడ గది సిద్ధంగా ఉంది" అనేశాను.

లేదు కదా.

మార్చి 16

ఉంది. పొద్దున్నే దొరని వీధిలోకి తెచ్చి, గోడ పక్కన పెట్టి, తార్పాలిన్ కప్పాను. షెడ్డు కడిగించి, సున్నం వేయించి, మంచం వేశాం. సాయంత్రానికి ఆరింది. నిజానికి తీర్మానం అసలు ఉద్దేశం షెడ్డు ఖాళీ చెయ్యడమే. అమ్మకం కేవలం మార్గం.

"వీధిలో పెడదామని మొదటి రోజే అన్నాను" అన్నారు ఈయన.

"మీరు అన్నది వేరు."

"ఎలా వేరు?"

"మీరు అన్నారు. అదే వేరు."

వాన వస్తే? తార్పాలిన్ మందంగానే ఉంది. లోపలికి మాత్రం రానివ్వను. ఇది కొత్త నియమం, మిగతా మూడూ పోయినా ఇది ఉంటుంది.

మార్చి 17

వివరంగా రాయాలి.

పదిన్నరకి డిశ్చార్జి. టాక్సీ పిలిచాం. ముందు సీటులో కూర్చోబెట్టబోతే కాలు తలుపులోంచి బయటే ఉండిపోయింది. వెనక సీటులో అడ్డంగా పడుకోబెడదామన్నాడు డ్రైవరు.

"ఒరేయ్, నేనింకా పోలేదురా" అన్నారు అత్తగారు.

ఆస్పత్రి బండి ఖాళీ లేదు, సాయంత్రం దాకా ఆగమన్నారు. ఈలోపు బావగారు ఫోన్లో, "మా ఇల్లు దగ్గరేగా, చక్రాల కుర్చీలో తోసుకొచ్చేయండి." అత్తగారి మొహం పాలిపోయింది. నా కొంగు పట్టుకున్నారు, చిన్నపిల్లలా.

"ఇక్కడే ఉండండి" అని ఆటో ఎక్కి ఇంటికెళ్ళాను. తార్పాలిన్ లాగి పడేసి, కప్పు వెనక్కి మడిచి, దొరని ఆస్పత్రి గుమ్మంలో ఆపాను.

ఎడమ తలుపు తీసి సీటు బయటికి తిప్పాను. అత్తగారు నన్నూ, సీటునీ, మళ్ళీ నన్నూ చూశారు. నర్సు పట్టుకుంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెనక్కి కూర్చున్నారు. కాలు చాపే ఉంది. మెల్లగా లోపలికి తిప్పాను. తలకి తగలడానికి కప్పు లేదు, మోకాలికి తగలడానికి ఏమీ లేదు. వీపు వాల్చాను. తలుపు మూసుకుంది.

"నేనెక్కడ?" అన్నారు ఈయన, సంచులు పట్టుకుని.

"రెండే సీట్లండీ. బస్సు అదిగో."

అత్తగారు తలుపు అంచు గట్టిగా పట్టుకున్నారు. రెండో మలుపు దాటాక అడిగారు. "ఏమే, ఈ సీటులో ఇంతకు ముందు ఎవరు కూర్చునేవారు?"

అబద్ధం ఆడదామనుకున్నాను. మొన్న ఆడినది ఇంకా అరగలేదు.

"ఎక్కువగా గొర్రెలండీ. మేకలు కూడా."

"దారిలో ఏదన్నా పడిందా?"

"ఒక్కటీ పడలేదట."

"అయితే కాస్త తొందరగా పోనీ."

మేము వచ్చి, మంచం ఎక్కి, టీ తాగాక ఈయన బస్సు దిగారు.

మార్చి 24

అత్తగారికి షెడ్డు నచ్చలేదని రోజూ చెబుతున్నారు. సున్నం వాసన, కుళాయి చప్పుడు, కిటికీ చిన్నది. ఆ చిన్న కిటికీలోంచే దొర మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఒక్క అరుపు అరుస్తారు. నిన్న వాన కురిసింది. ఈయన గొడుగు పట్టుకుని షెడ్డు గుమ్మంలో తచ్చాడారు. "అడుగు పెట్టావంటే నీ కాలు విరుగుతుంది" అన్నారు అత్తగారు. దొర తడిశాడు. ఏమీ కాలేదు.

మార్చి 29

అత్తగారి పక్కన కూర్చుని ఈ డైరీ వెనక్కి తిప్పాను. మొదటి పేజీలో రెండు గీతలు. నాకే సిగ్గేసింది. గడువు గడువే అనే మనిషిని కదా నేను! కాబట్టి మళ్ళీ:

తీర్మానం: ఏప్రిల్ ఒకటి నుంచి గట్టిగా ప్రయత్నించి కారు అమ్మేయాలి. కోసి పారేసేవాళ్ళకి ఇవ్వకూడదు. గాజు గదిలో పెట్టేవాళ్ళకి ఇవ్వకూడదు. కొనేవాళ్ళు నాకంటే పొట్టిగా ఉండాలి.

పైకి చదివి వినిపించాను. అత్తగారు కళ్ళు తెరవకుండానే, "అమ్మితే అమ్ము, నాకేం. ఒకటో తారీఖు నన్ను డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారో అది మాత్రం చెప్పి అమ్ము" అన్నారు.

ఒకటి కొట్టేశాను. ఏప్రిల్ రెండు నుంచి.